పందెపు గుర్రానికి పూచీ ఎవరిది?

యూఏఈలోని ఖోర్ ఫక్కాన్ రేవులోనో, అక్కడి దుకాణాల్లోనో, ఇళ్ల కట్టుబడిలోనో పనిచేసే మనవాళ్లు చలికాలంలో ఒక సెలవురోజు షార్జా వెళ్లి గుర్రప్పందేలు చూశారనుకుందాం. మలక్‌పేట రేస్‌కోర్సు ఎరిగినవాళ్లయితే ముందుగా పందెం కాసే కౌంటర్ ఎక్కడుందా అని చూస్తారు. అక్కడ అది కనిపించదు. బుకీలుండరు, ధరలు రాసే బోర్డులుండవు. గుర్రాలు పరిగెడతాయి, జాకీలు చెమటోడుస్తారు, జనం కేకలు పెడతారు, గెలిచిన గుర్రం యజమానికి బహుమతి సొమ్ము ముడుతుంది. చూడ్డానికి వచ్చినవాడి జేబులోంచి ఒక్క దిర్హమ్ కూడా గుర్రం మీదకు పోదు.

అలాంటప్పుడు అక్కడ ప్రభుత్వ నిఘా దేనికి? మన ఊళ్లో గుర్రప్పందేల చట్టం అనగానే జూదం, పన్ను, పోలీసు గుర్తొస్తాయి. జూదమే లేనిచోట చట్టంతో పనేమిటని అడగడం సహజం. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే మలక్‌పేట గురించి కూడా కొన్ని గట్టి ప్రశ్నలు ఎదురవుతాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. గుర్రప్పందేల్లో నిఘా పెట్టేవాడు పందెం సొమ్ములో వాటాదారు కాకూడదు, గుర్రాల యజమానీ కాకూడదు. యూఏఈలో ఒక లోపం, మనదగ్గర ఇంకో లోపం ఉన్నాయి. రెండింటి బరువూ చివరికి గుర్రం మీద, దాన్ని సాకే కూలివాడి మీద పడుతోంది.

ఖోర్ ఫక్కాన్‌కూ మనకూ గుర్రాల సంబంధం కొత్తది కాదు. 1507లో పోర్చుగీసు సేనాని అఫోన్సో డి అల్బుకర్క్ ఒమన్ తీరం వెంట మస్కట్, సొహార్ మీదుగా వచ్చి ఈ ఊరిని కొట్టి తగలబెట్టాడు. అతడి లేఖల ఆధారంగా కొడుకు కూర్చిన గ్రంథంలో ఈ ఊరి వర్ణన ఉంది. ఊళ్లో పెద్ద పెద్ద గుర్రపుశాలలు, గడ్డి నిల్వచేసే కొట్లు ఉండేవట. కారణం కూడా అందులోనే చెప్పారు: ఇక్కడి నుంచి హిందూదేశానికి గుర్రాలు ఓడల్లో వెళ్లేవి. మూడేళ్లకు, 1510లో, అదే అల్బుకర్క్ గోవాను పట్టుకున్నాడు. అప్పటి నుంచి విజయనగరానికి చేరే గుర్రాల మీద పోర్చుగీసువాళ్ల పట్టు బిగిసింది. రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, మణులు దిగుమతయ్యేలా చూడాలని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో చెప్పడం వెనుక ఈ అవసరమే ఉంది. దక్కనులో మేలుజాతి గుర్రాలు అప్పట్లో తగినన్ని దొరికేవి కావు, గుర్రం లేకపోతే రాజ్యం నిలవదు.

విజయనగరంలో ఉండి గుర్రాల వ్యాపారం చేసిన ఫెర్నావ్ నూనిజ్ రాసిపెట్టిన ఒక వివరం ఈ విషయానికి బాగా పనికొస్తుంది. సాళువ నరసింహరాయలు హొర్ముజ్ గుర్రాలను బతికున్నా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చే ధరే ముట్టేది. రాజు ఉద్దేశం వర్తకుడికి భరోసా ఇచ్చి తన రేవుకు రప్పించడం. ఆ లెక్కలో అది తెలివైన ఏర్పాటే. కానీ దారిలో గుర్రానికి నీళ్లు పట్టి బతికించుకోవాలన్న తొందర వర్తకుడికి ఎందుకుంటుంది? రాజ్యం తన అవసరం చుట్టూనే నియమం రాస్తే జీవి సంగతి ఎవరికీ పట్టదు. అయిదు వందల ఏళ్ల తర్వాత కూడా ఈ తోక బేరం పూర్తిగా పోయిందని అనుకోలేం.

ఇక నేటి సంగతి. ఖోర్ ఫక్కాన్ షార్జా ఎమిరేట్‌కు చెందిన ఊరే అయినా షార్జా నగరానికి దూరంగా, ఫుజైరా ఎమిరేట్ నేలల నడుమ, ఒమన్ సముద్రం ఒడ్డున ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో కొండలు తొలిచి అయిదు సొరంగాలతో 89 కిలోమీటర్ల రోడ్డు తెరిచాక ప్రయాణం సులువైంది. దేశంలో పెద్ద పందేల మైదానాలుగా ఏళ్ల తరబడి పేరున్నవి అయిదు: దుబాయిలో మేదాన్, జబెల్ అలీ, ఆ తర్వాత అబుధాబి, అల్ ఐన్, షార్జా. ఖోర్ ఫక్కాన్ ఈ జాబితాలో లేదు, షార్జా మైదానమే దాని ఎమిరేట్‌ది. ఇసుక ట్రాకు మీద అక్కడ ఎక్కువగా పరిగెత్తేవి అరబ్బీ జాతి గుర్రాలు.

ఈ మైదానాలన్నిటికీ నియమాలు పెట్టేది ఎమిరేట్స్ రేసింగ్ అథారిటీ. శిక్షకులకు, జాకీలకు లైసెన్సులిచ్చేది, గుర్రాల స్థాయి లెక్కగట్టి ఏది ఎంత బరువు మోయాలో తేల్చేది, తప్పు చేస్తే జరిమానా వేసేది అదే. దాని అధిపతి షేక్ మన్సూర్ బిన్ జాయెద్ అల్ నహ్యాన్, అబుధాబి రాజవంశీకుడు. దుబాయి పాలకుడు షేక్ మొహమ్మద్ బిన్ రాషిద్ అల్ మక్తూమ్ గొడాల్ఫిన్ అనే ప్రపంచ ప్రసిద్ధ గుర్రపుశాలకు యజమాని. 1996లో దుబాయి వరల్డ్ కప్ మొదలుపెట్టిందీ ఆయనే. తొలి ఏడాది అమెరికా గుర్రం సిగార్ గెలిచింది. 2019 నుంచి ఆ ఒక్క పందెం బహుమతి కోటీ ఇరవై లక్షల డాలర్లు.

కాబట్టి పందెం కాయడం లేకపోయినా డబ్బు లేదని కాదు. బహుమతి ఉంది, గెలిచిన గుర్రానికి పేరుంది, ఆ పేరుతో దాని సంతానానికి పలికే ధర ఉంది. ఒక మంచి మగగుర్రం పందేలు మానేశాక ఆడగుర్రాలతో జతకట్టించే రుసుముగా సంపాదించేది పందేల్లో సంపాదించినదానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. అందుకే మోసానికి కారణం ఎప్పుడూ ఉంటుంది. ఒక గుర్రం బదులు మరొకటి దించడం, మందులు ఎక్కించడం, కుంటుతున్న కాలికి నొప్పి తెలియకుండా సూది వేసి పరిగెత్తించడం. ఇవన్నీ బుకీ లేకుండానే జరుగుతాయి.

వీటిని పట్టుకునే పద్ధతి ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. పందేనికి ముందు గుర్రం మెడలో ఉన్న మైక్రోచిప్‌ను యంత్రంతో చదివి, పాస్‌పోర్టులోని మచ్చలు, సుడులు, రంగుతో సరిచూస్తారు. పందెం ముగిశాక గెలిచిన గుర్రాన్ని, అధికారులు ఎంపిక చేసిన మరికొన్నిటిని, విడిగా ఉన్న కొట్టంలోకి నడిపిస్తారు. చెమటతో మెరుస్తున్న గుర్రాన్ని దాన్ని సాకే పనివాడు, అంటే సయీసు, చల్లనీళ్లతో కడిగి, కాసేపు నడిపించి, గడ్డి పరిచిన చోట నిలబెడతాడు. చిన్నగా ఈల వేస్తాడు. ఆ ఈలకు మూత్రం పోయడం చాలా గుర్రాలకు అలవాటు చేసి ఉంటారు. పొడుగాటి కర్రకు తగిలించిన గిన్నెలో మూత్రం పడతారు. అది రాకపోతే రక్తం తీస్తారు. నమూనాను రెండుగా చేసి, యజమాని తరఫు మనిషి కళ్లముందే సీలు వేసి సంతకం తీసుకుంటారు. ఒకటి పరీక్షకు వెళ్తుంది. అందులో నిషిద్ధ మందు దొరికి యజమాని ఒప్పుకోకపోతే రెండోది విప్పుతారు. సీసా మీద గుర్రం పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. పరీక్షించేవాడికి అది రాజుగారి గుర్రమో రైతు గుర్రమో తెలియకూడదన్నది దీని మర్మం. ఈ వ్యవస్థ మొత్తంలో నాకు బాగా నచ్చేది ఆ పేరులేని సీసానే.

అయితే సీసా మీద పేరు లేనంత మాత్రాన బయట పేర్లకు బలం ఉండదా? 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో గొడాల్ఫిన్ శిక్షకుడు మహమూద్ అల్ జరూనీ సాకుతున్న గుర్రాల్లో అనబాలిక్ స్టెరాయిడ్లు దొరికాయి. మొదట 11 గుర్రాల్లో తేలింది, చివరికి 22 దాకా వెళ్లింది. అంతకు ముందు ఏడాది సెయింట్ లెజర్ పందెం గెలిచిన ఎన్కీ అనే గుర్రం కూడా వాటిలో ఒకటి. బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ అతణ్ని ఎనిమిదేళ్లు నిషేధించింది. షేక్ మొహమ్మద్ కొద్ది వారాల్లోనే యూఏఈ గుర్రపు క్రీడల్లో అలాంటి స్టెరాయిడ్లు వాడటం నేరమని ఆదేశం జారీ చేశారు. పాలకుడు తలుచుకుంటే నియమం ఎంత తొందరగా వస్తుందో దీంతో తెలుస్తుంది. అయితే తప్పు పట్టుకున్నది బ్రిటన్ సంస్థ. ఆ సంస్థ ఆ శాల యజమానికి జవాబుదారీ కాదు, అందుకే నిర్మొహమాటంగా తనిఖీకి వెళ్లగలిగింది.

మైదానంలో పందేల కంటే యూఏఈకి ఎక్కువ చెడ్డపేరు తెచ్చింది ఎడారిలో జరిగే సుదూర పందేలు. వాటిని ఎండ్యూరెన్స్ అంటారు. 80 నుంచి 160 కిలోమీటర్ల దాకా దూరం, మధ్యమధ్య పశువైద్యుల మజిలీలు. మజిలీకి చేరిన గుర్రం మీద బకెట్లకొద్దీ చల్లనీళ్లు పోస్తారు. వైద్యుడు ఎద మీద స్టెతస్కోపు పెట్టి గుండె కొట్టుకునే వేగం లెక్కిస్తాడు. అంతర్జాతీయ నియమాల ప్రకారం నిర్ణీత వ్యవధిలో అది నిమిషానికి 64కు దిగాలి. మెడ మీద చర్మం వేళ్లతో పట్టి వదిలి, ఎంతసేపటికి మామూలవుతుందో చూస్తాడు. ఒంట్లో నీరు తగ్గితే ఆ మడత వెంటనే పోదు. పేగుల చప్పుడు వింటాడు. చివరగా తిన్నగా పరిగెత్తించి కుంటుతోందా అని చూస్తాడు. ఏ ఒక్కటి తప్పినా గుర్రం అక్కడితో ఆగిపోవాలి. నియమం బాగానే ఉంది. కానీ చదునైన ఇసుక దారుల్లో బహుమతుల కోసం గుర్రాలను మైదానపు పందెంలా దౌడు తీయించడం అలవాటయ్యాక కాళ్లు విరగడం, గుర్రాలు చావడం ఎక్కువైంది.

అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య ఎఫ్.ఇ.ఐ. 2015 మార్చిలో యూఏఈ జాతీయ సమాఖ్యనే సస్పెండ్ చేసింది. గుర్రాల సంక్షేమం, నియమాల ఉల్లంఘన కారణాలుగా చూపింది. సంస్కరణలకు ఒప్పందం కుదిరాక అదే ఏడాది జులైలో సస్పెన్షన్ ఎత్తేసింది. మరుసటి ఏడాది దుబాయిలో జరగాల్సిన ప్రపంచ పోటీలు స్లోవేకియాకు తరలిపోయాయి. అదే 2016లో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో యూఏఈ రౌతు నడిపిన గుర్రానికి పందెంలో కాలు విరిగితే చంపేయాల్సి వచ్చింది. కాలిలో నొప్పి తెలియకుండా మందు ఎక్కించి పరిగెత్తించారని తర్వాత తేలింది. 2020 జూన్‌లో ఎఫ్.ఇ.ఐ. ట్రైబ్యునల్ ఆ రౌతుకు 20 ఏళ్ల నిషేధం విధించింది.

దేశం లోపల ఎవరూ పట్టించుకోలేదని చెప్పడం మాత్రం అన్యాయం. అబుధాబిలోని బూథిబ్ ఎండ్యూరెన్స్ గ్రామంలో షేక్ సుల్తాన్ బిన్ జాయెద్ అల్ నహ్యాన్ 2015 ప్రాంతంలోనే సొంతంగా కఠిన నియమాలు పెట్టారు. వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటకూడదు. గుండె వేగం 64కు బదులు 56కు దిగాలి. బహుమతులు మొదట వచ్చినవాడికే కాకుండా గుర్రాన్ని క్షేమంగా ముగింపుదాకా తెచ్చినవాళ్లకూ పంచారు. బహుమతి పంచే తీరు మారగానే పందెం తీరు మారింది. గుర్రాన్ని చంపి గెలవడంలో లాభం లేకుండా చేయడం ఏ జరిమానా కంటే మెరుగైన మార్గమని నా నమ్మకం. చిక్కేమిటంటే అది ఒక మంచి మనిషి ఇష్టం మీద నడిచింది, దేశమంతటికీ చట్టం కాలేదు.

రాజ్యం నిజంగా తలుచుకుంటే ఏం చేయగలదో ఒంటెల పందేల్లో చూశాం. పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్, మారిటేనియాల నుంచి తెచ్చిన చిన్నపిల్లలను ఒంటెల మీద కట్టి పరిగెత్తించేవాళ్లు. బరువు పెరగకుండా పిల్లల్ని పస్తులుంచేవాళ్లు. ప్రపంచమంతా వేలెత్తి చూపాక 2005లో ఫెడరల్ చట్టం తెచ్చి పద్దెనిమిదేళ్లలోపువాళ్లు ఒంటె ఎక్కకూడదన్నారు. యునిసెఫ్ సాయంతో వెయ్యికి పైగా పిల్లల్ని సొంత దేశాలకు పంపారు. వాళ్ల స్థానంలో చిన్న మరజాకీలు వచ్చాయి. ఒక్క సీజన్‌లో అంతా మారిపోయింది, పందేలేమీ ఆగలేదు. ఇలా చేస్తే మా వేడుకే పోతుందని ఎక్కడ ఎవరు వాదించినా నేను ఈ ఉదాహరణే చూపిస్తాను.

ఇప్పుడు మలక్‌పేటకు వద్దాం. హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలీలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో వాటిని మలక్‌పేటకు మార్చారు. ఇప్పటి హైదరాబాద్ రేస్ క్లబ్ 1961 నాటిది. వానాకాలం పందేలు, చలికాలం పందేలు అని రెండు సీజన్లు. షార్జాలో లేని కౌంటర్ ఇక్కడ నడిబొడ్డున ఉంటుంది. రాష్ట్ర చట్టం దానికి చోటిచ్చింది. 1974 నాటి గేమింగ్ చట్టం పందెం కాయడాన్ని నేరమంటూనే గుర్రప్పందేనికి మినహాయింపు పెట్టింది. పందెం జరిగే రోజునే, మైదానంలో అందుకు కేటాయించిన ఆవరణలోనే, లైసెన్సున్న బుకీ దగ్గరో టోటలైజర్ ద్వారానో కాయాలి. టోటలైజర్ అంటే అందరి సొమ్మూ ఒకచోట పోగేసి, క్లబ్బు కమీషనూ పన్నూ తీసేసి, మిగిలింది గెలిచినవాళ్లకు పంచే పద్ధతి. వీధి చివర పాన్‌డబ్బా దగ్గర అదే గుర్రం మీద అదే వంద రూపాయలు కాస్తే నేరం.

గుర్రానికి ఈ మినహాయింపు ఎందుకు? మన రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోవి. తమిళనాడు 1974లో గుర్రప్పందేలనే రద్దు చేస్తూ చట్టం చేసింది. 1986లో మద్రాస్ రేస్ క్లబ్‌నే స్వాధీనం చేసుకుంటూ మరో చట్టం తెచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 1996 జనవరి 12న తీర్పు వచ్చింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ నేర్పు, మోసే బరువు, ట్రాకు తీరు అన్నీ బేరీజు వేసి కాసేది కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆట, జూదం కాదని కోర్టు చెప్పింది. 1986 చట్టాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి దేశంలోని క్లబ్బులకు ఈ తీర్పే గొడుగు. జీతం అందిన మర్నాడే కౌంటర్ దగ్గర సగం పోగొట్టుకునే మనిషికి ఆ నైపుణ్యం ఎంత ఉందో కోర్టు కొలవలేదు, కొలవడం దాని పనీ కాదు. ఆ పని ప్రభుత్వానిది.

మరి ప్రభుత్వం దేన్ని కొలుస్తోంది? పన్నును. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పందేల మీద 28 శాతం వేశారు. 2023 అక్టోబరు నుంచి మొత్తం కాసిన సొమ్ము మీద ఆ రేటే ఖాయం చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం చేశారు. గెలిచిన సొమ్ము మీద ఆదాయపు పన్ను 30 శాతం వేరుగా ఉంది. వంద కాస్తే నలభై పన్నుకే పోయేటప్పుడు ఆడేవాడు లైసెన్సున్న కౌంటర్ వదిలి రసీదు ఇవ్వని బుకీ దగ్గరకు పోవడంలో ఆశ్చర్యమేముంది? అలా పోయిన సొమ్ముకు పన్నూ ఉండదు, నిఘా ఉండదు. ఓడిపోయినవాడికి అప్పిచ్చి ఇంటిమీదకు మనుషుల్ని పంపేదీ ఆ బుకీలే.

గుర్రాన్ని, జాకీని, పందెం నిజాయితీని చూసేది మాత్రం క్లబ్బే. నియమాలు క్లబ్బువి, లైసెన్సులు క్లబ్బువి, విచారణ జరిపే స్టివార్డులు క్లబ్బు వాళ్లు. పందెం సొమ్ములో కమీషనూ క్లబ్బుదే. దేశంలో గుర్రప్పందేలను పర్యవేక్షించే టర్ఫ్ అథారిటీలంటే ఈ పెద్ద క్లబ్బులే. ఇందులో పనిచేసేవాళ్లు అవినీతిపరులని నేను అనడం లేదు. నిష్ఠగా పనిచేసే పశువైద్యులు, స్టివార్డులు ఉన్నారు. కానీ ఏర్పాటు తప్పు. ఆదాయం తెచ్చే పందేన్ని ఆపాల్సిన మనిషీ ఆ ఆదాయం మీద నడిచే సంస్థ ఉద్యోగే అయినప్పుడు, ట్రాకు తడిసి జారుతున్న రోజున అతని మాట ఎంతదాకా చెల్లుతుంది? యూఏఈలో నిఘా గుర్రాల యజమానులైన పాలక కుటుంబాల చేతిలో ఉంటే మనదగ్గర పందెం నడిపేవాళ్ల చేతిలో ఉంది.

ఆ లోపం ఎంత ప్రమాదమో 2025లో హైదరాబాదు గుర్రాల ఉదంతం కళ్లకు కట్టింది. ఏప్రిల్ చివర, మే మొదట్లో 57 గుర్రాలను లారీల్లో ఎక్కించి మండుటెండల్లో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి పల్లెకు తరలించారు. చేరిన కొద్ది రోజులకే చావులు మొదలయ్యాయి. కొన్ని వారాల్లో ఎనిమిది పోయాయి, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఫిలిప్పీన్స్‌లో ఆన్‌లైన్ పందెం కాసేవాళ్ల కోసం హైదరాబాదులో నడిపిన పందేల గుర్రాలివి అని జంతు సంక్షేమ కార్యకర్తలు ఆరోపించారు. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. ఎవరి తప్పెంతో తేల్చాల్సింది కోర్టే. నాకు కనిపించేది ఒకటుంది. గుర్రం పరిగెత్తినన్నాళ్లూ దాని మీద లెక్కలున్నాయి, పరుగు ఆగిన రోజు నుంచి అది ఎక్కడుందో, ఏం తింటోందో చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది, 1978 నాటి జంతువుల రవాణా నియమాలున్నాయి. అవి చచ్చాక కేసు పెట్టడానికే పనికొస్తున్నాయి.

నిఘాను వేరు చేయడం సాధ్యం కాదా? బ్రిటన్‌లో రెండున్నర శతాబ్దాలు జాకీ క్లబ్ అనే పెద్దమనుషుల క్లబ్బే పందేలను శాసించింది. 2007లో నియంత్రణను విడదీసి బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ పెట్టారు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం ఉండేది. 2019లో కాలిఫోర్నియాలోని శాంటా అనిటా మైదానంలో ఒక్క సీజన్‌లో 30 గుర్రాలు చచ్చిపోయేసరికి జనం తిరగబడ్డారు. 2020లో కాంగ్రెస్ చట్టం చేసి దేశమంతటికీ ఒకే సంస్థను పెట్టింది. 2022 జులై నుంచి ఆ భద్రతా నియమాలు అమల్లోకి వచ్చాయి. అక్కడ 2009లో ప్రతి వెయ్యి పరుగులకు రెండు గుర్రాలు చచ్చేవి. 2024లో ఆ సంస్థ కిందున్న మైదానాల్లో అది 0.90కు దిగింది. అక్కడ లెక్క రాసి బయటపెట్టడం తప్పనిసరి. మలక్‌పేటలో ఏడాదికి ఎన్ని గుర్రాలు గాయపడ్డాయి, ఎన్ని చచ్చాయి, ఎన్నింటిని అమ్మేశారు అన్నది మామూలు పౌరుడు తెరిచి చూసుకునే పద్దులా ఉండాలి.

యూఏఈలోనూ పరిస్థితి మారుతోంది. 2023 సెప్టెంబరులో ఆ దేశం వాణిజ్య గేమింగ్ నియంత్రణ కోసం ఒక ఫెడరల్ సంస్థను పెట్టింది. 2024లో దేశపు తొలి అధికారిక లాటరీకి లైసెన్సిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో రాస్ అల్ ఖైమాలో కడుతున్న విన్ రిసార్ట్‌కు కేసినో లైసెన్సు దక్కింది. క్రీడల మీద పందెం కూడా ఆ సంస్థ పరిధిలోకి తెచ్చిన విభాగాల్లో ఒకటి. మద్యాన్నే అనుమతించని షార్జాలో, అంటే ఖోర్ ఫక్కాన్‌లోనూ, ఇలాంటివి దగ్గర్లో వస్తాయని నేననుకోను. కానీ దేశంలో ఎక్కడైనా గుర్రం మీద కాయడానికి తలుపు తెరిస్తే మాత్రం మన లోపం కూడా అక్కడి లోపానికి తోడవుతుంది. పందెం లైసెన్సిచ్చే సంస్థ వేరు, గుర్రాన్ని కాపాడే సంస్థ వేరు అన్నది తలుపు తెరవక ముందే తేల్చుకోవాల్సిన విషయం.

ఖోర్ ఫక్కాన్‌లోనూ, యూఏఈ అంతటా ఉన్న మనవాళ్లకు రెండు మాటలు. మొదటిది పందెం గురించి. అక్కడి రేస్‌కోర్సుల్లో ఉచితంగా పూరించే పోటీ కాగితాలుంటాయి. ఏ గుర్రాలు గెలుస్తాయో సరిగ్గా రాస్తే బహుమతిస్తారు, ఆ పోటీలో చేరడానికి సొమ్ము తీసుకోరు కాబట్టి అది జూదం కాదు. దాన్ని దాటి, క్యాంపు గదిలో కూర్చుని ఫోన్లో మలక్‌పేట పందేల మీదో ఇంకోచోటి పందేల మీదో కాయడం వేరు సంగతి. లైసెన్సులేని జూదం అక్కడ శిక్షార్హమైన నేరం. నేరం చేయడానికి వీపీఎన్ వాడితే 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం జైలో, అయిదు లక్షల నుంచి ఇరవై లక్షల దిర్హమ్‌ల జరిమానానో, రెండూనో పడొచ్చు. నెలకు వెయ్యి, పదిహేను వందల దిర్హమ్‌లు సంపాదించే మనిషికి అది జీవితకాలపు అప్పు.

రెండోది గుర్రాలశాలల్లో పనిచేసేవాళ్లకు. యజమాని ఇంటి గుర్రాలను సాకే సయీసు అక్కడి చట్టంలో ఇంటి పనివాళ్ల కోవలోకి వస్తాడు. 2017లో ఆ చట్టం వచ్చింది, 2022లో దాన్ని మార్చి కొత్తది తెచ్చారు. దాని ప్రకారం వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు, రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు వరసగా, జీతం గడువు దాటిన పది రోజుల్లోపు చేతికందడం అన్నీ హక్కులు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. తెల్లవారుజామున మూడింటికి లేచి గుర్రాన్ని మాలిష్ చేసేవాడికి, రాత్రి గుర్రానికి కడుపునొప్పి వస్తే దాని పక్కనే పడుకునేవాడికి ఈ గంటల లెక్క పాటించడం కష్టమే. అయినా ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అందులో మీ పని ఏ పేరుతో రాశారో చదివించుకోండి. సయీసును తోటపనివాడిగానో కాపలాదారుగానో రాస్తే, రేపు గుర్రం తన్ని కాలు విరిగినప్పుడు చిక్కు మీకే. గుర్రానికి మందు ఇవ్వమని చెబితే అది ఏమిటో అడగండి. పశువైద్యుడు రాసిచ్చిన కాగితం లేకుండా సూది పట్టుకోవద్దు. పరీక్షలో పట్టుబడితే ముందుగా వేలు చూపేది సయీసు వైపే.

తెలంగాణ ప్రభుత్వానికి ఒక విన్నపం. పందెం పన్నులో రాష్ట్రానికీ వాటా వస్తోంది. ఆ సొమ్ములో కొంత వేరు చేసి, క్లబ్బుకు గానీ యజమానులకు గానీ సంబంధం లేని పశువైద్యులతో ఒక చిన్న నియంత్రణ సంస్థ పెట్టండి. మలక్‌పేటలో పరిగెత్తిన ప్రతి గుర్రం ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్లు గాయపడింది, పందేలు మానేశాక ఎవరి చేతికి పోయింది, ఎలా పోయింది అన్నది ఆ సంస్థ రాసి ఏటా శాసనసభ ముందు పెట్టేలా నియమం చేయండి. అధికారి అనుమతి లేకుండా ఏ గుర్రమూ లారీ ఎక్కకూడదు. 57 గుర్రాలు రాష్ట్రం దాటి వెళ్లిన ఆ ఎండాకాలంలో ఈ ఒక్క నియమం ఉండుంటే, ఆపగలిగిన అధికారి ఒకరైనా ఉండేవాడు.